పసుపు రాని నీళ్ళు

శనివారం రాత్రి, ప్రొద్దుటూరు

జమ్మలమడుగు సైన్స్ ఫెయిర్‌లో ఈరోజు చప్పట్లన్నీ సునీతకే. మొన్న జూన్‌లో పులివెందుల నుంచి మా కాలేజీకి వచ్చిన కెమిస్ట్రీ లెక్చరర్. నిన్నటి పిల్ల!

సీసం కలిపిన నీళ్ళలో పొటాషియం అయోడైడ్ చుక్కలు వేసింది. సీసం ఉందనడానికి గుర్తుగా చిక్కటి పసుపు వచ్చింది. అవే నీళ్ళు ఇంకాసిన్ని తీసుకుని, జియోలైట్ అనే ఖనిజం గుళికలున్న గొట్టంలో పోసి, కిందికి దిగినవాటిలో మళ్ళీ చుక్కలు వేసింది. ఈసారీ పసుపే రావాలని మనసులో గట్టిగా కోరుకున్నాను. రాలేదు. ఎలా వస్తుంది? ఆ గుళికలను ఉప్పునీళ్ళలో నానబెట్టి, వాటి నిండా సోడియం ఎక్కించి, కడిగి ఇచ్చింది నేనే. నా పనే పాడవ్వాలని కోరుకున్నానన్నమాట. ఛీ.

"శానా బాగా చేసినావమ్మా! ఆ సీసం యాడికి పోయింది?" అన్నారు ప్రిన్సిపాల్.

"గుళికల్లోనే ఇరుక్కోనుంది సార్. అది లోపలికి పోతే, ఆడుండే సోడియం బయటికొచ్చింది. గుళికల్ని తయారు చేసింది మా ల్యాబు అక్కే," అని నన్ను చూపించింది.

ఆయన నా వైపు తిరగనైనా లేదు. "వచ్చే ఏడాది నుంచి ల్యాబు నువ్వే చూసుకోమ్మా" అన్నారు.

ఇన్నేళ్ళూ నేను చూసుకుంటున్న ల్యాబు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సునీత నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. తియ్యమని అనలేకపోయాను. నాకైతే ఇప్పటికీ నిద్ర రావడం లేదు.

కిందికి దిగిన నీళ్ళలో సీసం ఉందా లేదా అని అందరూ వంగి వంగి చూశారు. బయటికొచ్చిన సోడియం ఏమైందని ఒక్కరూ అడగలేదు.