ఇరవై రోజులు

అమ్మకు,

చదివి వినిపిస్తున్న టీచరమ్మగారికి నమస్కారం. అమ్మ మిషను తొక్కుతుంటే కాస్త ఆపమనండి.

అమ్మా, నా పని నీకు తెలుసు. సొంత దేశంలో చిత్రహింసలు పడి ఇక్కడికి పారిపోయి వచ్చినవాళ్ళు ఆశ్రయం అడుగుతారు. వాళ్ళు చెప్పింది నేను కాగితం మీద పెడతాను. పోయిన నెల ఒక వడ్రంగి వచ్చాడు. నాన్న ఉంటే ఆ వయసే. తలుపు కనబడేలా కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. చీకటిగదిలో ఎన్నాళ్ళు ఉంచారని అడిగితే ఒకసారి పది రోజులన్నాడు, ఇంకోసారి నెలన్నాడు. పొందిక లేదనిపించి నేనే "ఇరవై రోజులు" అని రాశాను. ముందువెనకలు సర్ది చక్కటి వ్యాసంలా చేశాను. చదివి వినిపిస్తే తలూపి సంతకం పెట్టాడు. మన ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని కదా, నా రాత చూసి నాకే ముచ్చటేసింది.

విచారణలో అధికారి అదే అడిగితే ఆయన "తెలీదండీ" అన్నాడు. "మరి కాగితంలో ఇరవై అని ఉందే?" అన్నాడు అధికారి. అబద్ధమని తేలిస్తే వెనక్కి పంపేస్తారు, ఆ కొట్టినవాళ్ళ చేతుల్లోకే. తీర్పుకు రెండు వారాలుంది. ఆ అంకె నాదని ఎవరికీ తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. వచ్చి నీ పక్కన కూర్చుని గుండీలు కుట్టుకుంటాను.

నీ కూతురు

* * *

అమ్మా,

నువ్వు చెప్పి రాయించిన రెండు ముక్కలూ అందాయి. "తప్పు కుడితే విప్పి మళ్ళీ కుడతాం గానీ మిషను అమ్ముకుంటామటే? గుండీలు నేను కుట్టుకోగలను. నువ్వు ముందు వెళ్ళి చెప్పు." టీచరమ్మగారు నీ మాట ఒక్కటీ దిద్దకుండా రాశారు. అది చూశాకే నాకు నిజంగా సిగ్గేసింది.

చెప్పేశాను. మా ఆఫీసు మేడమ్ బాగా తలంటి, తనే నన్ను అధికారి దగ్గరికి తీసుకెళ్ళింది. తప్పు నాదని రాసిచ్చాను. వడ్రంగి బాబాయ్‌ని మళ్ళీ కూర్చోబెట్టి, పదన్నచోట పది, నెలన్నచోట నెల, తెలీదన్నచోట తెలీదు అని రాశాను. అంత చీకట్లో రోజుల లెక్క తప్పుతుందని ఆయన్ని పరీక్షించిన డాక్టరు కూడా రాసిచ్చింది. నిన్న ఉత్తర్వు వచ్చింది. ఆయన్ని ఉండనిచ్చారు. రాజీనామా చింపేశాను.

"నేను రాసింది తప్పని తెలిసీ సంతకం ఎందుకు పెట్టారు బాబాయ్?" అని అడిగాను.

"తప్పని తెలీదమ్మా. నాకెలాగూ లెక్క తెలీదు. చదువుకున్నదానివి, ఎన్ని రోజులో నీకు తెలిసిందేమో అనుకున్నా. ఇంతా చేసి ఇరవయ్యేనా అనుకుని ఆ పూట కంటినిండా నిద్రపోయా."

ఇంకా దిద్దుకుంటున్న
నీ కూతురు