నూట ఇరవై చుట్లు

జూలై 2, 2012, సోమవారం

బోర్డుల కరెంటును గీతగా గీసి చూపించే స్కోప్ స్క్రీన్ ఇవాళ ఇంకాస్త చీకటైంది. పదమూడేళ్ల ముసలిది. స్క్రీన్ వెనక వెలిగే సన్నని ట్యూబ్ అరిగిపోయి, ఇంట్లో పాత ట్యూబ్‌లైట్‌లాగే చివర్లలో నల్లబడింది. టార్చ్ ఏటవాలుగా కొడితే మధ్యలో గీత ఆనుతుంది. కింద ఎడమ మూల మాత్రం ఏం చేసినా కనిపించదు. ఒక్కో గడి ఎన్ని మిల్లీవోల్టులో చూపించే అంకె సరిగ్గా ఆ మూలలోనే ఉంటుంది.

సార్‌కు మళ్లీ చెప్పాను. ఎమర్జెన్సీ లైట్లు చేసే ఈ గగన్‌పహాడ్ షెడ్డులో ఏది పాడైనా ఆయనది ఒకటే మాట. నడుస్తోంది కదమ్మా, నడవనివ్వండి అన్నారు. నిజమే, నడుస్తోంది. గుడ్డిదాన్నవుతున్నది నేను.

అందుకే నా పద్ధతి నాది. నాబ్‌ను చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి ఆరు టక్కులు లెక్కపెడతాను. ఆరో టక్కు అంటే గడికి యాభై. గీత రెండు గడులు దాటితే బోర్డు ఫెయిల్. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి ఇదే తద్దినం.

జూలై 9, సోమవారం

యాభై ఎమర్జెన్సీ లైట్ బోర్డులు టెస్ట్ చేస్తే ముప్పై ఒకటి ఫెయిల్. అవుట్‌పుట్‌లో వణుకు ఎక్కువ. ఒక కరెంటు కోతకూ ఇంకో కోతకూ మధ్య వరసగా పదహారు పోయాయి. ఆ వణుకును ఆపేది రింగు కాయిల్. కాయిళ్లన్నీ చుట్టేది జంగమ్మ ఒక్కతే.

జంగమ్మకు యాభై దాటాయి. శంషాబాద్ పక్క ఊళ్లో కూరగాయలు పండించిన మనిషి, ఇప్పుడు మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయికి ఉంటోంది. రాగి తీగను రింగులోంచి దూర్చి లాగుతూ కాయిల్‌కు నూట ఇరవై చుట్లు చుడుతుంది. ఇరవై చుట్లకొక చింతగింజను డబ్బా మూతలో వేస్తుంది. ఆరు గింజలు పడితే కాయిల్ అయినట్టు. చుడుతున్నంతసేపూ నోరు ఆగదు. బస్తీ కబుర్లన్నీ ఆమె దగ్గరే వినాలి. అలా మాట్లాడుతూ లెక్క తప్పకుండా ఎలా ఉంటుందని నాకు మొదటి నుంచీ అనుమానమే.

జూలై 11, బుధవారం

రిపోర్టులో రాశాను: కాయిల్ చుట్లు తక్కువ. సంతకం పెట్టాను.

జూలై 12

టార్చ్‌లో సెల్లులు అయిపోయాయి. స్టోర్స్ చూసే మొగులయ్య గోడ గడియారంలోవి పీకి ఇచ్చాడు. షెడ్డులో ఇప్పుడు టైమ్ కూడా లేదు.

జూలై 16, సోమవారం

జంగమ్మను తీసేశారు.

సార్ అందరి ముందూ రిపోర్టు చూపించారు. ఆమె ఊరికే పడే రకం కాదు, పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. నా వైపు తిరిగి, నువ్వు సూసినవా బిడ్డా అని మాత్రం అడిగింది. కళ్లారా చూశాను పెద్దమ్మా అన్నాను. గట్లయితే ఇగ ఏముంది అని, గింజల డబ్బా కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

టార్చ్ కొట్టుకుని చూసినదాన్ని, కళ్లారా అన్నాను.

జూలై 25, బుధవారం

బయటి నుంచి మెషీన్ మీద చుట్టిన కాయిళ్లు వచ్చాయి. నలభై బోర్డుల్లో ఇరవై రెండు ఫెయిల్. మెషీన్‌కు కబుర్లు చెప్పే అలవాటు లేదు కదా. సార్ నా మీద అరిచారు. నేనూ అరిచాను. ముందు ఈ స్క్రీన్ సంగతి చూడండి, అప్పటిదాకా దేని మీదా సంతకం పెట్టను అన్నాను. చివరికి సరే, మీరే ఏదో ఒకటి చేసుకోండి అన్నారు.

జూలై 27

స్కోప్ కంపెనీకి ఫోన్. ఆ మోడల్ ఎప్పుడో ఆగిపోయింది మేడమ్, స్పేర్లు రావు, కొత్తది తీసుకోండి అంది ఆ అమ్మాయి. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ అదే గొంతు, అదే పాఠం.

జూలై 31, మంగళవారం

పూటంతా ట్యూబ్ కోసం కోఠీ షాపుల్లో తిరిగాను. ఒకాయన లాప్‌టాప్ ట్యూబ్ చేతిలో పెట్టి, దేనికైనా సెట్ అయితది తీస్కపో అక్కా అన్నాడు. తెచ్చి చూస్తే బెత్తెడు పొడవెక్కువ. గాజును కత్తెరతో కత్తిరించాలేమో.

ఆగస్టు 3

సరైన పొడవుది దొరికింది. పెన్ను రీఫిల్ కన్నా సన్నం. ఊపిరి బిగబట్టి గాడిలో కూర్చోబెడుతుంటే పుటుక్కుమంది. పక్కనే టీ తాగుతున్న మొగులయ్య, గంత గట్టిగ నొక్కితే పల్గదా శిరీషమ్మా అన్నాడు. ఆ టీ ఆయన నెత్తిన పోయాలనిపించింది.

ఆగస్టు 8, బుధవారం

ఇక ట్యూబులకో దండం. ఆరాంఘర్ దగ్గర బైకులు డెకరేషన్ చేసే షాపుకు పోయి తెల్ల ఎల్‌ఈడీ పట్టీ కొన్నాను. ఏ బండికి మేడమ్ అని అడిగాడు. స్కోప్‌కి అన్నాను. గా మోడల్ నేనెన్నడు సూడలే అన్నాడు. ఈ నెలలో మొదటిసారి నవ్వాను.

ఆగస్టు 10, శుక్రవారం, ఉదయం 11:40

వెలిగింది. పాత ట్యూబ్ గాడిలో పట్టీ అంటించి, పన్నెండు వోల్టుల వైరు కలిపాను. స్క్రీన్ మూల మూలకూ తెల్లగా వెలిగింది. మొగులయ్య షెడ్డులో అందరినీ పిలుచుకొచ్చి చూపించాడు.

అదే రోజు, మధ్యాహ్నం 3

అలవాటు కొద్దీ ఆరు టక్కులు లెక్కపెట్టాను. కింద మూలలో ఇరవై అని ఉంది.

మళ్లీ తిప్పాను. యాభై. మళ్లీ తిప్పాను. ఇరవై. పదిసార్లు చేస్తే నాలుగుసార్లు ఇరవైయే. నాబ్ అరిగిపోయింది. ఒక టక్కుకు రెండు మెట్లు దూకుతోంది. ఇరవై మీద నిలబడ్డప్పుడు మంచి బోర్డు గీత కూడా రెండు గడులు దాటుతుంది. నేను ఫెయిల్ అని రాస్తాను.

అట్టపెట్టెలో పడేసిన ముప్పై ఒక్క బోర్డులూ తీసి, యాభై అంకె చూసుకుంటూ మళ్లీ టెస్ట్ చేశాను. అన్నీ పాస్.

మాట్లాడుతూ లెక్కపెట్టే మనిషి లెక్క తప్పలేదు. నోరు మూసుకుని లెక్కపెట్టిన నేను తప్పాను.

ఆగస్టు 11, శనివారం

చుట్లు తక్కువ అని రాసింది నేనే కాబట్టి, ఆ బోర్డుల కాయిళ్లు విప్పడం మొదలుపెట్టాను. పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ ఒక్కో చుట్టూ లెక్కపెట్టాను. నూట ఇరవై. నూట ఇరవై. నూట ఇరవై. సాయంత్రానికి ఇరవై మూడు విప్పాను. వేళ్ల కొసలు కోసుకుపోయాయి. కోసుకుపోనీ.

ఆగస్టు 13, సోమవారం

సార్ కొత్త వెలుతురు చూసి, బాగుందమ్మా, ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు అన్నారు.

జంగమ్మ సంగతి ఎత్తితే, జరిగిందేదో జరిగింది, కాగితం మీద పెట్టడం ఎందుకు అన్నారు. కాగితం మీద ఇప్పటికే నా సంతకం ఉంది. కాయిళ్లలో తప్పు లేదు, కొలతలో తప్పు, అది నాది అని రాసి, పాత రిపోర్టుకు పిన్ కొట్టి ఆయన టేబుల్ మీద పెట్టాను. సాయంత్రం పిలిచి, ఆవిడ వస్తానంటే రమ్మనండి అన్నారు, కంప్యూటర్ వైపు చూస్తూ.

ఆగస్టు 15, బుధవారం, సెలవు

మైలార్‌దేవ్‌పల్లి వెళ్లాను. జంగమ్మ ఇప్పుడు ఎయిర్‌పోర్టు రోడ్డు మధ్య మొక్కలకు నీళ్లు పట్టే పనికి పోతోంది. వాళ్లిచ్చిన పచ్చ కోటు దండెం మీద ఆరేసి ఉంది. అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఎన్ని ఇప్పినవ్ బిడ్డా అని అడిగింది. ఇరవై మూడన్నాను. ఒక్కటన్న తక్కువ ఎల్లిందా అంది. లేదు, అన్నీ నూట ఇరవయ్యే అన్నాను. ఇంకెన్నున్నయ్ అంది. ఎనిమిది అన్నాను.

గా ఎనిమిదింట్ల ఒకటి ఒక్క చుట్టు తక్కువుంటది అంది.

ఆనాడు తీగ అయిపోయిందట. ఒక్క చుట్టు కోసం కొత్త కట్ట ఎవరిస్తరని గట్లనే పెట్టెల ఏసిన అంది. సార్ కాయితం సూపెట్టంగనే గదే దొరికిందనుకున్న, గందుకే నోరు లేవలే అంది. నా ఒక్క చుట్టుకు గన్ని బోర్డులు కరాబైనయని గప్పటి సంది మస్తు పరేషానైన అంది.

ఒక్క చుట్టుతో ఏమీ కాదు పెద్దమ్మా, అది కూడా పాసే అన్నాను. అంటుండగానే ఏడుపొచ్చింది. మళ్లీ పనికి వస్తావా అని అడిగాను. ముందుగాల గది దొరకని బిడ్డా, అటెన్క మాట్లాడుదం అంది.

బయల్దేరుతుంటే డబ్బాలోంచి ఆరు గింజలు తీసి నా చేతిలో పోసింది. సప్పుడు చెయ్యకుంట కూసుంటే లెక్క తప్పుతది, మాట్లాడుకుంట ఇప్పు అంది.

ఆగస్టు 16

మొగులయ్యతో మాట్లాడుతూ విప్పాను. ఐదో కాయిల్‌కు ఐదు గింజలు పడ్డాయి, ఆపైన పందొమ్మిది చుట్లు. ఆరో గింజ చేతిలోనే ఉండిపోయింది.