ఆఖరి అప్‌డేట్

మంగళవారం, రాత్రి

ఈ సాయంత్రం అవ్వ మళ్లీ టీవీ ముందు కుర్చీ వేసుకుని కాలు చాపింది. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి వ్యాయామాలన్నీ వీడియో చూస్తూ చేయడమే అలవాటు. ఫోన్లో ఆమెకు ఆనదు. టీవీలో వీడియోలు రాకుండా పోయిన ఐదు రోజుల్లోనే మోకాలు పట్టేసింది. షోరూంవాళ్లేమో పాతది పడేసి కొత్తది కొనమన్నారు. ఒళ్లు మండింది నాకు.

మెకానిక్ రఫీక్ భాయ్ మాత్రం దుకాణం మూసి ఇంటికే వచ్చాడు.

"గీ టీవీకి కంపెనీ అప్‌డేట్లు బంద్ చేసింది చెల్లె. ఆఖరిది వచ్చినా మీరు ఎక్కియ్యలే, గందుకే వీడియోలు వస్తలేవు," అన్నాడు.

నేను అవ్వ వైపు చూశాను.

"అది అడిగినప్పుడల్లా 'తర్వాత' అని నొక్కిన బిడ్డా. సీరియల్ నడుమల ఆగిపోతదని," అంది అవ్వ మెల్లగా. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

ఆ ఆఖరిది కంపెనీ వెబ్‌సైట్లో ఇంకా ఉందట. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించాడు. మధ్యలో కరెంటు పోతే టీవీ ఖతం అని, అయ్యేదాకా ఇన్వర్టర్ పక్కనే కూర్చున్నాడు. చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు, డబ్బులు కూడా. ఆయనకూ, ఆ ఫైలును తీసేయకుండా ఉంచిన ముఖం తెలియని మనిషికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇది ఎన్నాళ్లు నడుస్తుందో భాయ్ చెప్పలేదు.

పడుకోబోతూ అవ్వ అంది, "ఇగ మల్ల అడిగితే తర్వాత అని నొక్కనే నొక్క బిడ్డా. గప్పుడే సరే అంట."

అది ఇక ఎప్పుడూ అడగదని నేను చెప్పలేదు.