శుభలేఖలో అవ్వ వరుస

అవ్వా, ఫోనులో నా మాట నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. ఎలక్ట్రానిక్ సిటీలో నేను బాగున్నాను, కొత్త ఉద్యోగం పోతుందేమోనన్న భయం తీరింది.

ఆఫీసులో ఎక్స్‌ఎంఎల్, స్టైల్‌షీట్ నేర్చుకోమన్నారు. మొదటిది పేర్లూ వివరాలూ దాచేది, రెండోది వాటిని ఏ వరుసలో, ఎలా చూపించాలో చెప్పేది. నెట్‌లో ఉచిత పాఠాలు చదివాను, అవెన్యూ రోడ్డులో పాత పుస్తకం కొన్నాను. ఏదీ తలకెక్కలేదు. పక్కన కూర్చునే సౌమ్య, "ఎవురివో పేర్లతో చేస్తే ఏమొస్తాది? మీ ఇంటోళ్ల పేర్లు పెట్టి చూడు" అంది. సరేనని నా పేరు తప్ప మనింట్లో అందరి పేర్లూ వేసి అక్క పెళ్లి శుభలేఖ చేశాను. కంప్యూటరు పేర్లను అక్షరాల వరుసలో పేర్చి, "పెద్దల ఆశీస్సులతో" అన్నచోట మొన్న పుట్టిన అన్న కూతురు అక్షరను మొదట కూర్చోబెట్టింది! మునివెంకటమ్మ అన్న నీ పేరేమో కింద ఎక్కడో ఉంది. సౌమ్య ఒకటే నవ్వు: "పాలు తాగే బిడ్డ ఆశీర్వాదం చేస్తా ఉండాది చూడే!" వయసు మనం రాసిస్తే తప్ప దానికి పెద్దాచిన్నా తెలియదని అప్పుడు అర్థమైంది. అందరి వయసులూ రాశాను, వరుస కుదిరింది, పాఠమూ వచ్చేసింది.

నాగరాజు మామ ఇటు వస్తే ఊరమిరపకాయలు పంపు. కంట్లో చుక్కల మందు వేసుకుంటున్నావా? నీ వయసెంతో రాయి, నాన్న ఒకటి చెబుతాడు, అత్త ఇంకొకటి చెబుతుంది. ప్రస్తుతానికి నూరేళ్లని వేసి, నిన్ను అందరికన్నా పైన పెట్టాను.

నీ కాళ్లకు మొక్కే మనవరాలు,
అంబిక