పస్తున్న కాళ్ళతో బాడ్మింటన్

అమలాపురం, 8-2-53

అమ్మకి కామేశం నమస్కారాలు. నిన్న బాడ్మింటన్ పోటీలో నేను కళ్ళు తిరిగి పడ్డానని గంగరాజు మావయ్య చెప్పే ఉంటాడు. జబ్బేమీ కాదు, కంగారు పడకు. పరీక్ష పాసయ్యేదాకా నేను శనివారాలు పగలు పస్తుంటానని వాడపల్లి వెంకన్నకి మొక్కుకున్నావు కదా, పోటీ సరిగ్గా ఆ రోజే పడింది. మొదటి గేము గెలిచాం. రెండో గేములో ఉన్ని బంతి ఎక్కడ పడుతుందో తెలుస్తూనే ఉంది గానీ కాళ్ళు కదల్లేదు. డ్రిల్లు మాస్టరు సాలమోను గారు మజ్జిగ తాగించి, "బ్యాటు పట్టేది చెయ్యయ్యా, ఆడేది కాళ్ళు. వాటికి కూడెయ్యకుండా తీసుకొచ్చేవా?" అని కేకలేశారు.

వచ్చే శనివారం మళ్ళీ పోటీ ఉంది. మొక్కు ఇంకో రోజుకి మార్చుకోవచ్చేమో పూజారి గారిని అడుగు. మావయ్య చేత సున్నుండలు పంపు. గేదె ఈనిందా?

నాకు తోడుగా నువ్వూ శనివారాలు పస్తుంటున్నావని మావయ్య నిన్ననే చెప్పాడు. ఒక్క సాయంత్రం ఆటకే నా కాళ్ళు చచ్చుబడ్డాయి. ఏమీ తినకుండా పొద్దంతా వడ్లు ఎలా దంచుతున్నావమ్మా? నా మొక్కు సంగతి తరవాత చూద్దాం. ముందు నువ్వు తిను.

నీ కొడుకు
కామేశం