అద్దె కారులో నలభై నిమిషాలు

మా ఇంటి మహారాణికి నీ మొగుడు ప్రేమతో రాస్తున్నది.

ఇక్కడ నేనూ, మీ తమ్ముడు చంటీ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరాలేమిటని పాప నవ్వుతోందని రాశావు. నవ్వనీ. ఫోన్లో తిన్నావా, పడుకున్నావా తప్ప మనం ఏం మాట్లాడుకుంటాం? అసలు సంగతులు మనిద్దరికీ కాగితం మీదే వస్తాయి, పెళ్ళికి ముందు నుంచీ అంతే. మా స్టోర్ కీపరు రేపు విమానం ఎక్కుతున్నాడు. శనివారానికల్లా ఇది నీ చేతికి ఇస్తానన్నాడు. సోమవారం లోపల నీకు అందాలి కాబట్టే పోస్టులో వేయకుండా ఆయన చేతికి ఇస్తున్నాను.

స్కూలు బస్సుల ఓనరు నీ మాట కోసం కాచుకుని ఉన్నాడని రాశావు. మీ తమ్ముడిని పిల్లల బస్సు మీద పెట్టమంటారా, వద్దంటారా, సోమవారం మీ నోటితో చెప్పండి అన్నాడట. తమ్ముడైతే మాత్రం, నిద్రలో తూగి బండిని గోడకు కొట్టినవాడి చేతిలో నలభైమంది పిల్లల్ని పెట్టమని ఎలా చెప్పను, వద్దనే చెబుతాను, మీరేమంటారు అని నన్ను అడిగావు. జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. ముందు మిగతావి చెప్పి అక్కడికి వస్తాను. నేరుగా అక్కడికి వెళ్ళే ధైర్యమే ఉంటే ఇన్ని రోజులు ఆగేవాడినే కాదు.

బేకరీలో ఓవెన్ల పని ఎంతవరకు వచ్చిందని అడిగావు. మూడింటిలో రెండు బిగించేశాం. రెండోది రసమట్టం పెట్టి చూస్తే వెనకవైపు అర అంగుళం దిగి ఉంది. ఆ నేల పోసిన మేస్త్రీ ఎవరో గానీ, కళ్ళు మూసుకుని పోసినట్టున్నాడు. కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టి ఎత్తేసరికి రెండు రోజులు పట్టింది. ఇక్కడి ఫోర్‌మన్ నోరు విప్పని మనిషి. వేడి అన్నివైపులా సమంగా వస్తోందో లేదో చూడటానికి ఇరవై రొట్టెలు ఒకేసారి కాల్పించి, బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదాని రంగూ చూసి ఊరికే తల ఊపాడు. ఆ తల ఊపించడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలియాలి. చంటి ఒంటిచేత్తోనే బోల్టులు అందిస్తున్నాడు. కూర్చోరా అంటే వినడు.

వంటింటి కుళాయి కారుతోందన్నావు. సింకు కింద ఎడమవైపు గోడలో చిన్న పిడి ఉంటుంది, దాన్ని కుడికి తిప్పితే నీళ్ళు ఆగుతాయి. ఆ తర్వాత ప్లంబరును పిలువు. నువ్వు మాత్రం స్పానరు పట్టకు తల్లీ. పోయినసారి నువ్వు బాగుచేసిన మిక్సీని చివరికి పాత సామాన్లవాడు మోసుకెళ్ళాడు. విమానంలో కిటికీ తెరుచుకుంటుందా అని పాప అడిగిందట, తెరుచుకోదని చెప్పు. రాత్రంతా నాన్న ఏం చేశాడని అడిగితే మాత్రం దానికి చెప్పకు. నీకు చెబుతాను.

రాత్రంతా సినిమాలు చూశాను. ముందు సీటు వెనక చిన్న టీవీ ఉంది, ఏది కావాలంటే అది వస్తుంది. ఊరికే వస్తుంటే వదులుతానా, ఒకదాని తర్వాత ఒకటి మూడు చూశాను. చంటి మాత్రం భోజనం ప్లేటు ఇలా తీసుకెళ్ళగానే అలా దుప్పటి ముసుగు తన్నేశాడు. ఏరా, ఇంత దూరం ఎగిరి నిద్రపోవడానికి వచ్చావా అని వెక్కిరించాను. పొద్దున దిగగానే బండి నడపాలి కదా బావా, నిద్ర కూడా మా డ్యూటీలోదే అన్నాడు. ఎంత చక్కటి మాటో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నవ్వాను.

ఇక్కడ నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. చంటి నడిపితే కడుపులో చల్ల కదలదు అంటావు చూడు, పెళ్ళయిన పదకొండేళ్ళుగా ఆ మాట వింటున్నాను. నేను నడిపినప్పుడేమో తలుపు పిడి గట్టిగా పట్టుకుని కూర్చుంటావు. పైకి నవ్వేస్తాను గానీ అది నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. అమ్మ పోయాక నువ్వే పెంచిన తమ్ముడు, వాడంటే నీకు ప్రాణం, అది నాకు తెలియనిదా? అయినా కుళ్ళు. ఈ వయసులో బావమరిది మీద కుళ్ళేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను, అయినా పోలేదు.

పొద్దున విమానాశ్రయంలో అద్దె కార్ల కౌంటర్ దగ్గర కాగితాలన్నీ చంటి పేరు మీదే రాశారు. కంపెనీ వాడిని డ్రైవరుగానూ, నన్ను మెకానిక్‌గానూ పంపింది కదా. ఈయన తప్ప ఇంకెవరూ నడపకూడదని కౌంటర్‌లో అమ్మాయి వేలితో చూపించి మరీ చెప్పింది. బయట తెల్లగా మెరుస్తూ కారు నిలబడి ఉంది. స్టీరింగు మనకు కుడివైపు కదా, వీళ్ళకు ఎడమవైపు. దాన్ని చూడగానే నాకేం పట్టిందో, తాళం ఇలా ఇవ్వరా అన్నాను.

వాడు ఇవ్వలేదు. బావా, మీరు రాత్రంతా కన్ను మూయలేదు, కాగితం మీద పేరు కూడా నాదే అని మెల్లగా చెప్పాడు. నాకు నడపడం రాదనుకుంటున్నావా అన్నాను. అక్క మొగుడు అంత మాట అన్నాక బావమరిది ఇంకేం అంటాడు చెప్పు? ఇంకెవరైనా అయితే పోవయ్యా అని తాళం జేబులో వేసుకునేవాడు. మీ వాడు తల దించుకుని నా చేతిలో పెట్టాడు. నువ్వు నేర్పిన మర్యాదే అది. ఆ మర్యాదను నేను వాడి నోటికి గుడ్డలా అడ్డుపెట్టాను.

బేకరీ నలభై నిమిషాల దారి. అందులో మూడుసార్లు అడిగాడు, నేను తీసుకోనా బావా అని. మొదటిసారి వద్దన్నాను. రెండోసారి విననట్టు ఊరుకున్నాను. మూడోసారి రేడియో శబ్దం పెంచాను. కళ్ళు మండుతున్నాయని, రెప్పలు బరువెక్కుతున్నాయని నాకు తెలుసు. తెలిసి తెలిసీ నడిపాను. నిద్ర ముంచుకొచ్చింది, నా చేతిలో ఏముంది అనుకోవడానికి లేదు.

ఊరు దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. ఎండ ముఖం మీద పడుతోంది. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియదు. చంటి కేక విని తెరిచేసరికి బండి రోడ్డు దిగి, కుడివైపున్న దీపస్తంభం మీదికి పోతోంది. స్తంభానికి నిచ్చెన వేసి ఉంది, నిచ్చెన మీద ఒక మనిషి బల్బు మారుస్తున్నాడు. నా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి గానీ ఒక్క వేలు కదల్లేదు. చంటి పక్క సీట్లోంచి ఎడమచెయ్యి చాపి, ఉన్న బలమంతా పెట్టి స్టీరింగును ఎడమకు తిప్పేశాడు. బండి నిచ్చెనను తప్పుకుని, రోడ్డుకు అడ్డంగా పోయి, అవతలి పిట్టగోడను రాసుకుంటూ ఆగింది. ఆ తిప్పడంలో వాడి చెయ్యి స్టీరింగు కమ్మీల మధ్య ఇరుక్కుంది. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

మళ్ళీ ఒకసారి చదువుకో. నీకు నేను చెప్పింది దీనికి తలకిందులు.

నిచ్చెన మీది మనిషి దిగి వచ్చి, చక్రాల గుర్తులకూ నిచ్చెన కాళ్ళకూ మధ్య ఎంత దూరం ఉందో చూసి నేల మీద కూలబడిపోయాడు. కాసేపటికి తేరుకుని చంటి చెయ్యి చూసి, తన భుజం మీది తువ్వాలుతో కట్టు కట్టాడు. తన ప్రాణం ఎవరు తీయబోయారో, ఎవరు కాపాడారో ఆయనకు తెలియదు. నావైపు తలుపు గోడకు ఒరుసుకుని తెరుచుకోలేదు, ఇద్దరం చంటి వైపు నుంచే దిగాం. ఎవరు నడిపారో చూసినవాళ్ళు లేరు. పోలీసులు వచ్చి డ్రైవరు ఎవరని అడిగితే చంటి కాగితం తీసి చూపించి, నేనే, నిద్రపట్టేసింది అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు నా చెవిలో చెప్పాడు.

"మీరు నడిపారంటే మీ ఉద్యోగం ఊడుతుంది బావా. అక్కకూ చెప్పకండి. నన్ను తిట్టడం అక్కకు అలవాటే. మిమ్మల్ని తిట్టాల్సి వస్తే తట్టుకోలేదు."

వాడు దాచమన్నాడు, నేను దాచాను అని సరిపెట్టుకుందామంటే కుదరదు. ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేసి ఎవరు నడిపారని అడిగినప్పుడు, మీ తమ్ముడే అన్నాను. అంతటితో ఊరుకున్నా కొంత నయం. నువ్వు ఏడుస్తుంటే ఏదో ఒకటి చెప్పాలని, నేనే సమయానికి స్టీరింగు తిప్పాను, లేకపోతే ఇద్దరం పోయేవాళ్ళం అని కూడా అన్నాను. ఆ మాట చంటి చెప్పమనలేదు. అది నా సొంతం. పక్క మంచం మీద చేతికి పిండికట్టుతో పడుకుని వాడు అంతా విన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు, అంతే.

పోయిన ఉత్తరంలో, మీరు పక్కన ఉండబట్టి నా తమ్ముడు నాకు దక్కాడు, మీ కాళ్ళకు దణ్ణం పెట్టినా తప్పులేదు అని రాశావు. అదే కవరులో వాడికి కూడా ఒక చీటీ పెట్టావు. నేను విప్పలేదు, వాడే చూపించాడు. చెయ్యి విరిగితేనైనా బుద్ధి వస్తుందిలే, బుద్ధి వచ్చేదాకా నాతో మాట్లాడకు అని ఉంది. అక్కకు కోపం వస్తే అక్షరాలు ఎంత పెద్దవి అవుతాయో చూశారా బావా అని నవ్వాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మూడు వారాలుగా నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా వాడు మెల్లగా గది బయటికి వెళ్ళిపోతాడు. నిన్ను ఇబ్బంది పెట్టకూడదని కాబోలు. నీ గొంతు వినిపించేంత దూరంలో, తలుపు పక్కనే నిలబడి ఉంటాడు.

ఆ బస్సు ఉద్యోగం మీద వాడు ఎంత ఆశ పెట్టుకున్నాడో నీకూ తెలుసు. పొద్దున పిల్లల్ని దింపి, సాయంత్రం తీసుకురావడం, రాత్రి ఇంట్లో పడుకోవడం. పదేళ్ళు లారీల మీద తిరిగినవాడికి అంతకంటే ఏం కావాలి? నువ్వు వద్దంటావేమో అని నేను అన్నప్పుడు, అక్క చెబితే ధర్మమే బావా, పిల్లల బస్సు కదా అన్నాడు. ఆ మాటతో నాలో ఉన్న చివరి సాకు కూడా పోయింది.

అందుకని నీ ప్రశ్నకు నా జవాబు ఇది. సోమవారం ఆ ఓనరు దగ్గరికి వెళ్ళు. కంటి నిండా నిద్రపోయి గానీ బండి ఎక్కనివాడు మా తమ్ముడు అని చెప్పు. బండిని గోడకు కొట్టింది మా ఆయన, మనిషి ప్రాణం నిలబెట్టింది మా తమ్ముడు అని చెప్పు. నా పరువు కోసం ఆలోచించకు, మొగుడు కదా అని మాట తగ్గించకు. పాపకు కూడా చెప్పు. నాన్న స్టీరింగు తిప్పాడని అది స్కూల్లో అందరికీ చెప్పుకుందట.

రేపు ఫోర్‌మన్‌కూ, మా కంపెనీకీ, ఇక్కడి పోలీసులకూ, అద్దె కార్ల ఆఫీసుకూ నేనే చెబుతాను. నీకంటే ముందు వాళ్ళకు చెప్పడం ఇష్టం లేక ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా ఆగాను. ఏమవుతుందో తెలియదు, ఏమైనా అది నాకు రావలసిందే. చంటికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే నన్ను గుమ్మం దాటనివ్వడు.

నా మీద కోపం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ. నాకు ఫోన్ చేయకపోయినా అడగను. వాడికి మాత్రం ఇది చదివిన వెంటనే ఫోన్ చెయ్యి. చెయ్యి ఎలా ఉందిరా అని ఒక్క మాట అడుగు. మూడు వారాలుగా వాడిని ఎవరూ ఆ మాట అడగలేదు. ఒకే గదిలో ఉండి నేనూ అడగలేదు.

ఇట్లు,
ఆ పొద్దున బండి నడిపిన
నీ భర్త