వాచిన బొటనవేలు

శుక్రవారం రాత్రి, హిద్ లేబర్ క్యాంపు

నేను పనిచేసే షూటింగ్ క్లబ్బుకు ఇవాళ ఒక అరబ్బు సారు కొత్త చిన్న పిస్టల్ తెచ్చాడు. నడుముకు పెట్టుకునేది. తూటా ఎక్కడా ఇరుక్కోకుండా వందలసార్లు పేలితేగాని దాన్ని నమ్మలేరట. ఆయన కాలుస్తూనే ఉన్నాడు, నేను మ్యాగజైన్లలో తూటాలు నొక్కుతూనే ఉన్నాను. వాటిలోని కొత్త స్ప్రింగు మహా మొండిది. సాయంత్రానికి నా బొటనవేలు వాచి తోలు లేచింది.

“ఖలాస్ భాయ్, ఇక దీన్ని నమ్మొచ్చు,” అంటూ ఆయన సంతోషంగా వెళ్లాడు.

డ్యూటీ దిగేటప్పుడు హాజరు మిషన్ ఆ వేలిని ఒప్పుకోలేదు.

“జర తుడ్చి పెట్టన్నా,” అన్నాడు వెనక నిలబడ్డ మల్లేశం.

తుడిచాను, ఊదాను. ఎర్ర లైటే. ఆరేళ్లుగా ఆ మిషన్ రోజూ చూస్తున్న వేలే కదా అది!

రేపటికి వాపు తగ్గకపోతే పనిచేసి కూడా ఆబ్సెంటే. పొద్దున సారు తమ్ముడు కూడా కొత్త పిస్టల్ తెస్తాడట.